బాపు అలసటకు ఎన్ఎంఎన్ సీసా కొనాలా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్ పక్కన ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ. మా బాపుకు 61 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ గోలీ వేసుకుంటాడు. పన్నెండేళ్ల కింద తులసిమాల వేసుకున్నాడు. అప్పటి నుంచి మాంసం, గుడ్డు ముట్టడు. ఏటా ఆషాఢ ఏకాదశికి దిండీతో (భజన చేస్తూ నడిచే భక్తుల గుంపుతో) కలిసి పండరిపురం నడిచిపోయేవాడు. రెండేళ్లుగా పోలేకపోతున్నాడు. చేను దాకా నడిచేసరికే అలసిపోయి గట్టు మీద కూర్చుంటున్నాడు. అరికాళ్లు తిమ్మిర్లు అంటున్నాడు.

పుణెలో ఉండే మా బామ్మర్ది ఒక వీడియో పంపాడు. ఒంట్లో ఎన్ఏడీ అనే పదార్థం వయసుతో తగ్గుతుందట, ఎన్ఎంఎన్ గోలీలు వేసుకుంటే మళ్లీ నిండి పాత బలం వస్తుందట. నెలకు ఒక సీసా, 4,800 రూపాయలు. హైదరాబాద్‌లో ఒకచోట ఎన్ఏడీనే సెలైన్‌లా ఎక్కిస్తున్నారని కూడా చెప్పాడు. మా ఊళ్లో ఇంకొకాయన, జొన్నరొట్టె తింటే ఆ పదార్థం ఒంటికి పట్టదు, రొట్టె మాన్పించండి అన్నాడు. బాపు రెండు పూటలా జొన్నరొట్టే తింటాడు. సీసా కొనాలా? సెలైన్ ఎక్కించాలా? రొట్టె మాన్పించాలా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, సీసా ఇప్పుడు కొనకండి. సెలైన్ అసలే వద్దు. రొట్టె మాన్పించొద్దు. ఈ వారంలోనే బాపును మంచి ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. అడిగినదానికి జవాబు ఇంతే. కానీ ఎందుకో చెప్పకపోతే రేపు మీ బామ్మర్ది ఇంకో వీడియో పంపుతాడు, మళ్లీ మీకు టెన్షన్ మొదలవుతుంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మీ ఉత్తరం చదువుతుంటే ఎన్ఎంఎన్ అన్న మాట దగ్గరికి రాకముందే మూడు చోట్ల నా పెన్ను ఆగింది. మెట్‌ఫార్మిన్, తులసిమాల, అరికాళ్ల తిమ్మిరి. ఈ మూడూ ఒకే మనిషిలో కలిస్తే ఏ డాక్టరైనా ముందు అడగాల్సింది బీ12 విటమిన్ గురించి. ఈ విటమిన్ మొక్కల్లో దొరకదు. మాంసం, చేపలు, గుడ్లలో ఉంటుంది, పాలు పెరుగుల్లో కొంత ఉంటుంది. మాంసం తినడం మానిన రోజునే లోటు రాదు. కాలేయంలో దాచుకున్న నిల్వ కొన్నేళ్లు నడిపిస్తుంది. దానికి తోడు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే, పేగు బీ12ను పీల్చుకోవడం తగ్గుతుంది. అంటే మీ బాపు పంట తగ్గించుకుని, ఆ వచ్చిన కొద్ది పంటలోనూ ఇల్లు చేరేది తగ్గించుకున్న రైతులా ఉన్నాడు. పన్నెండేళ్లలో నిల్వ అడుగంటితే ఆశ్చర్యం లేదు.

బీ12 తగ్గితే రక్తం తగ్గుతుంది, ఆయాసం, నీరసం వస్తాయి. నరాల మీది పొర దెబ్బతిని కాళ్లలో తిమ్మిర్లు, మంటలు వస్తాయి. ఎక్కువ కాలం వదిలేస్తే ఆ తిమ్మిరి తర్వాత ఇంజెక్షన్లు ఇచ్చినా పూర్తిగా పోకపోవచ్చు. అందుకే ఈ వారం అన్నాను, వచ్చే నెల అనలేదు. షుగర్ వల్ల కూడా నరాలు దెబ్బతింటాయి కాబట్టి రెండూ కలిసి ఉండొచ్చు. ఏది ఎంతో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. బీ12 రిపోర్టులో మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కన్నా తక్కువ వస్తే లోటు ఉన్నట్టే. 200 కన్నా కొద్దిగా ఎక్కువ వచ్చినా, లక్షణాలుంటే డాక్టర్ ఇంకో పరీక్ష చేయించొచ్చు.

మధ్యలో ఒక మాట. మెడికల్ షాపులో అడిగి "రక్తం పెరిగే గోలీ" తెచ్చి వేయకండి. చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అది ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాల దెబ్బ మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ కూడా మీ అంతట మీరు ఆపకండి. అది మంచి మందు. దాంతో పాటు బీ12 ఇస్తే సరిపోతుంది.

ఇంకొకటి, ఇది బీ12 కన్నా ముఖ్యం. చేను దాకా నడిచి కూర్చుంటున్నాడని రాశారు. షుగర్ ఉన్నవాళ్లలో గుండెకు రక్తం సరిగ్గా అందకపోయినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. నడిస్తే అలసట, ఆయాసం, అంతే తెలుస్తుంది. కాబట్టి ఈసీజీ, అవసరమైతే ఎకో అనే గుండె స్కాన్ చేయించాలి. రక్తకణాల పరీక్ష, థైరాయిడ్, కిడ్నీల పని చూపే క్రియాటినిన్, మూడు నెలల షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ, ఇవీ అడగండి. రాత్రి బాగా గురక పెట్టి, పగలు కునుకుతాడా అని అవ్వను అడిగి అదీ డాక్టర్‌కు చెప్పండి. బీపీ గోలీ ఏదైనా వాడుతుంటే పేరు రాసుకుని తీసుకెళ్లండి, వాటిలో కొన్ని కూడా నీరసం తెస్తాయి. ఈ పరీక్షలన్నీ కలిపినా మీ సీసా ధరకు కొంచెం అటూ ఇటూ అవుతాయి. సర్కారు దవాఖానలో అయితే ఇంకా తక్కువ.

ఇప్పుడు ఎన్ఏడీ సంగతి. దాన్ని నేను తీసిపారేయను. మన ఒంట్లో ఉన్న అతి ముఖ్యమైన అణువుల్లో అది ఒకటి. మోసమంతా దాన్ని అమ్మే పద్ధతిలో ఉంది.

మీది మిర్చి ప్రాంతం కాబట్టి మోండా లెక్కలో చెబుతాను. యార్డులో మాలు దిగుతుంది. హమాలీలు చేతిబండ్ల మీద బస్తాలు వేసుకుని గోదాముకు తోస్తారు, దించేసి ఖాళీ బండితో మళ్లీ వస్తారు. రోజంతా అవే బండ్లు వందసార్లు తిరుగుతాయి. మనం తిన్న రొట్టె, పప్పు ఒంట్లో విడిపోయేటప్పుడు వాటి నుంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. వాటిని ఎత్తుకునే ఖాళీ బండి ఎన్ఏడీ. ఎత్తుకున్నాక దాని పేరు ఎన్ఏడీహెచ్. అది కణంలోని మైటోకాండ్రియాకు వెళ్లి బరువు దించుతుంది. అక్కడ ఆ బరువుతో ఏటీపీ తయారవుతుంది. ఒక్కో బండికి సుమారు రెండున్నర ఏటీపీలు. కండరం కదలాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా ఖర్చు పెట్టే రొక్కం ఆ ఏటీపీనే. ఏ క్షణంలో చూసినా ఒంట్లో అది కొద్దిగానే ఉంటుంది కానీ తిరిగి తిరిగి తయారవుతూ రోజు మొత్తానికి లెక్కగడితే మన ఒంటి బరువంత అవుతుంది.

ఈ కథలో మనవాడు ఒకాయన ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఏటీపీని పట్టుకున్నది ఆయనే, 1929లో. అదే ఏడాది ఎన్ఏడీ కథకు నోబెల్ బహుమతి వచ్చింది. 1906లో లండన్‌లో ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్ ఈస్ట్ రసాన్ని వడగట్టి రెండు భాగాలు చేశారు. విడివిడిగా ఏదీ చక్కెరను పులియబెట్టలేదు. రెండూ కలిపితే పులిసింది. ఆ రెండో భాగాన్ని మరగబెట్టినా దాని పని పోలేదు. మరిగిస్తే చెడని ఆ చిన్న పదార్థంలోనే ఎన్ఏడీ ఉంది. దాని నిర్మాణం మీద పనిచేసిన ఆయిలర్ ఖెల్పిన్‌తో కలిపి హార్డెన్‌కు 1929లో బహుమతి ఇచ్చారు. అంటే మీ వీడియోలో "కొత్తగా కనిపెట్టారు" అని ఉంటే, అది నూరేళ్లు దాటిన కొత్త.

మరి వయసుకూ దీనికీ లింకు ఏమిటి? బండ్లు తిరగడం ఒక్కటే అయితే అవి ఎప్పటికీ అరిగేవి కావు. కానీ కణానికి ఇంకో అలవాటు ఉంది. ఇంటి పైకప్పు పగిలితే బండినే విరిచి ఆ చెక్కతో అతుకు వేస్తుంది. డీఎన్ఏకు దెబ్బ తగిలినప్పుడు దాన్ని బాగుచేసే పార్ప్ అనే ఎంజైములు ఎన్ఏడీని విరిచే వాడుకుంటాయి. సర్ట్యూన్లు అనేవి ఇంకో రకం. జన్యువులు ఎప్పుడు పనిచేయాలి, ఎప్పుడు ఊరుకోవాలి అనేదాంట్లో వాటికి పాత్ర ఉంది, వాటికీ ఎన్ఏడీ కావాలి. 2000లో ఈ సంగతి తెలిశాకే వయసు మీద పరిశోధన చేసేవాళ్లంతా ఇటు తిరిగారు. సీడీ38 అని మూడోది ఉంది, ఒంట్లో వాపు ఉన్నచోట ఎక్కువ పుడుతుంది. ముసలి ఎలుకల్లో ఎన్ఏడీ తగ్గడానికి అదొక పెద్ద కారణమని తేలింది.

విరిచిన బండిని పారేయరు. చక్రాలు, ఇరుసు ఏరి వడ్రంగి మళ్లీ కొత్త బండి కడతాడు. ఆ చక్రం పేరు నికోటినమైడ్, అంటే బీ3 విటమిన్‌లో ఒక రూపం. వడ్రంగి ఒక ఎంజైము. అతని చేతిలో సగం తయారైన బండి పేరే మీ సీసా మీద ఉన్న ఎన్ఎంఎన్. ఎన్ఆర్ అని ఇంకోటి అమ్ముతారు, అది దానికి ఒక మెట్టు కింద. పాత ముక్కలనే ఇలా మళ్లీ మళ్లీ వాడుకోవడం వల్ల బీ3 పెద్దవాళ్లకు రోజుకు 14 నుంచి 16 మిల్లీగ్రాములు సరిపోతుంది. సీసాలో ఒక్క గోలీలోనే సాధారణంగా 250 నుంచి 500 మిల్లీగ్రాముల ఎన్ఎంఎన్ ఉంటుంది, పోల్చి చూడండి.

ఎలుకల్లో ఫలితాలు బాగున్నాయి, దాన్ని దాచను. ముసలి ఎలుకలకు ఎన్ఎంఎన్ ఇస్తే కండరాల్లో కొన్ని కొలతలు చిన్న ఎలుకల్లోలా మారాయి. 2013లో ఆ వార్త లోకమంతా పాకింది, సీసాల వ్యాపారమూ పుంజుకుంది. కానీ అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థ నడిపే పరీక్షా కార్యక్రమంలో ఎదిగిన ఎలుకలకు చచ్చేదాకా ఎన్ఆర్ పెట్టి చూస్తే ఆయుష్షు పెరగలేదు. ఆ ఫలితం 2021లో వచ్చింది. ఇది మీ వీడియోలో ఉండి ఉండదు.

మనుషుల దగ్గరికి వస్తే, గోలీ వేసుకుంటే రక్తంలో ఎన్ఏడీ పెరుగుతుంది. ఇది నిజం. 2018లో కొలరాడోలో నడివయసు దాటిన 24 మందికి రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల ఎన్ఆర్ ఆరు వారాలు ఇస్తే రక్తకణాల్లో ఎన్ఏడీ సుమారు 60 శాతం పెరిగింది. మరి వాళ్లకు బలం పెరిగిందా? నడక పెరిగిందా? చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2021లో సెయింట్ లూయిస్‌లో బహిష్టులు ఆగిపోయి, షుగర్ అంచున ఉన్న 25 మంది స్త్రీల మీద చూశారు. పది వారాలు రోజుకు 250 మిల్లీగ్రాముల ఎన్ఎంఎన్ తీసుకున్నవాళ్ల కండరాలు ఇన్సులిన్‌కు కొంత బాగా స్పందించాయి. బరువు, బీపీ, రక్తంలో షుగర్ మాత్రం మారలేదు. డెన్మార్క్‌లో 40 మంది లావైన మగవాళ్లకు రోజుకు 2,000 మిల్లీగ్రాముల ఎన్ఆర్ పన్నెండు వారాలు ఇస్తే ఇన్సులిన్ విషయంలో కూడా తేడా లేదు. ఈ సంఖ్యలు చూడండి, 24, 25, 40. మా ఊరి పెళ్లిలో ఒక బంతికి కూర్చునే జనం కన్నా తక్కువ. ఎన్ఎంఎన్ వల్ల మనిషి ఆయుష్షు పెరిగిందని ఒక్క పరీక్షా చూపలేదు.

బండ్ల లెక్కలోనే చెప్పాలంటే, మోండాలో పని ఆగిపోయింది బండ్లు లేక కాదేమో. దారిలో బురద ఉండొచ్చు, గోదాము తాళం పడి ఉండొచ్చు, మాలే దిగకపోయి ఉండొచ్చు. రక్తం తక్కువైతే ఆక్సిజన్ అందదు. ఆక్సిజన్ అందకపోతే బండి బరువు దించే చోటే లేదు. అప్పుడు ఎన్ని కొత్త బండ్లు కొన్నా బజార్లో నిలబడి ఉంటాయి. ముల్లు అరికాల్లో ఉంటే నెత్తికి నూనె రాసినట్టు.

భయపెట్టాలని కాదు గానీ ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒంట్లో మిగిలిపోయిన బీ3 విరిగి బయటికి పోయే ముందు కొన్ని పదార్థాలుగా మారుతుంది. అవి రక్తంలో ఎక్కువున్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం లాంటివి ఎక్కువ వచ్చాయని 2024లో ఒక అధ్యయనం గమనించింది. దాంతో కారణం రుజువైందని కాదు, ఎంత వేసుకున్నా ఏమీ కాదు అనే ధీమా తగ్గించుకోవాలని. బీ3లో ఇంకో రూపమైన పాత నికోటినిక్ యాసిడ్ గోలీలను కొలెస్ట్రాల్ కోసం గ్రాముల లెక్కన వాడేవాళ్లు. అవి షుగర్‌ను పెంచుతాయి, కాలేయాన్ని ఇబ్బంది పెడతాయి, ముఖం ఎర్రబడి మండుతుంది. మీ బాపు లాంటి షుగర్ మనిషికి "బీ3నే కదా, చవకగా దొరుకుతుంది" అని ఆ పెద్ద మోతాదులు వేయకండి. కాన్సర్‌కు చికిత్స జరుగుతున్నవాళ్లు కూడా ఎన్ఏడీ పెంచే గోలీలకు దూరంగా ఉండటం మేలు. కాన్సర్ కణానికీ బండ్లు కావాలి కదా.

న్యాయంగా ఒకటి చెప్పాలి. ఇదే కుటుంబంలోని చవక గోలీ నికోటినమైడ్, ఆస్ట్రేలియాలో చర్మ కాన్సర్ ఇదివరకే వచ్చినవాళ్లకు రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే కొత్త గడ్డలు సుమారు పావు వంతు తగ్గాయి. 2015 నాటి మాట. అంటే బీ3 మందుగా పనిచేసే చోట్లు ఉన్నాయి. ఫలానా జబ్బు, ఫలానా మోతాదు, ఫలానా మనుషులు అని తేల్చి చూశారు అక్కడ. "అందరికీ యవ్వనం" అని కాదు.

సెలైన్ సంగతి రెండు ముక్కల్లో. ఎన్ఏడీ పెద్ద అణువు, నేరుగా రక్తనాళంలోకి ఎక్కించినా చాలా కణాల్లోకి ఉన్నదున్నట్టుగా దూరదు. ముందు ముక్కలై, తర్వాత లోపల మళ్లీ కట్టుకోవాలి. త్వరగా ఎక్కిస్తే కడుపులో తిప్పడం, ఛాతీ బిగుసుకోవడం, కడుపు నొప్పి వస్తాయి. గుండె పరీక్ష ఇంకా చేయించని షుగర్ మనిషికి ఛాతీ బిగుసుకునే సెలైన్ ఎందుకు చెప్పండి?

ఇక జొన్నరొట్టె. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే. ఎందుకంటే మీ ఊరాయన చెప్పింది గాలి మాట కాదు. దాని వెనుక నిజమైన చరిత్ర ఉంది, అదీ మన దక్కను నేలదే.

పెలాగ్రా అనే జబ్బు పేరు విన్నారా? ఎండ తగిలే చోట, అంటే చేతుల మీద, మెడ చుట్టూ, పాదాల మీద చర్మం నల్లబడి గరుకై పొలుసులు లేస్తుంది. మెడ చుట్టూ అయితే నల్లని హారం వేసినట్టు ఉంటుంది. తర్వాత విరేచనాలు, ఆ తర్వాత మతి చలించడం, చివరికి ప్రాణం పోవడం. యూరప్‌లో, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్నే తిని బతికిన పేదలకు ఇది వచ్చేది. 1937లో కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ కుక్కల్లో ఇలాంటి జబ్బును నికోటినిక్ యాసిడ్ నయం చేస్తుందని చూపాక మందు దొరికింది. అదే బీ3. ఎన్ఏడీ కట్టడానికి కావాల్సిన చక్రం అదే. అంటే పెలాగ్రా అనేది ఎన్ఏడీ నిజంగా ఎండిపోతే మనిషి ఎలా ఉంటాడో చూపించే జబ్బు. (పొగాకులోని నికోటిన్‌తో పేరు కలిసిపోతుందని ఆ విటమిన్‌కు నియాసిన్ అని పేరు మార్చారు. కాబట్టి తంబాకు నమిలితే బీ3 వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ మాట నాకు ఒక పెద్దమనిషి నిజంగానే చెప్పాడు.)

మన దగ్గర మొక్కజొన్న కాదు, జొన్న తినేవాళ్లలో పెలాగ్రా కనిపించింది. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అని పిలిచే హైదరాబాద్ పరిశోధన సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960 ప్రాంతంలో దీని మీద పనిచేశారు. చిక్కు ఏమిటంటే మొక్కజొన్నలో బీ3 విడిపోకుండా బంధించి ఉంటుంది, జొన్నలో అలా కాదని వాళ్లు అన్నారు. మరి జబ్బు ఎందుకొచ్చింది? జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం, అంటే ప్రోటీన్‌లో ఒక ముక్క, ఎక్కువ. అది ఎక్కువైతే ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆమ్లం నుంచి ఒంట్లో బీ3 తయారయ్యే పని చెడుతుందని గోపాలన్ వాదించారు. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ జరిగింది, బీ6 విటమిన్ పాత్ర కూడా ముందుకొచ్చింది, అందరూ ఒప్పుకోలేదు. మీ ఊరాయన చెవిన పడింది ఈ లూసిన్ కథ తోకే.

కానీ ఆ రోజుల్లో జబ్బు పడ్డవాళ్లు ఏం తిన్నారో చూడండి. మూడు పూటలా రొట్టె లేదా గటక, పక్కన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, ఉప్పు. పప్పు పండుగకు, పాలు అమ్మకానికి. మీ ఇంట్లో రొట్టెతో పాటు ఏముంటుంది? పప్పో, శనగపిండి పిట్లో, పల్లీల చట్నీయో, పెరుగో ఉండే ఉంటుంది. వంద గ్రాముల పల్లీల్లో సుమారు 12 మిల్లీగ్రాముల బీ3 ఉంటుంది. పిడికెడు పల్లీలు అంటే మూడున్నర. పప్పులోని ట్రిప్టోఫాన్‌లో 60 మిల్లీగ్రాములకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఒళ్లే బీ3 చేసుకుంటుంది. పాలలో బీ3 తక్కువే అయినా ట్రిప్టోఫాన్ ఉంటుంది. అందుకే రొట్టె మాన్పించొద్దన్నాను. పక్కన పల్లీల చట్నీ పెంచండి, చాలు. జొన్న మాని మైదా చపాతీకి పోతే షుగర్ మనిషికి నష్టమే తప్ప లాభం లేదు. పెలాగ్రా ఇప్పటికీ ఉంది, కానీ అది రోజూ తాగుడు ఉండి అన్నం తినని వాళ్లలో, టీబీకి ఐసోనియాజిడ్ వాడుతూ తిండి సరిగ్గా లేని వాళ్లలో ఎక్కువ. మీ బాపుకు మెడ మీద, చేతుల మీద నల్లని గరుకు మచ్చలు లేకపోతే దాని గురించి ఆలోచించొద్దు. ఉంటే డాక్టర్‌కు చూపించండి.

ఎన్ఏడీని ఒంట్లోనే పెంచుకునే దారి లేదా అంటే, ఉంది, ఉచితం కూడా. నేను చెప్పిన వడ్రంగి ఎంజైము నడక, బరువులెత్తడం లాంటి పనులు అలవాటుగా చేసేవాళ్ల కండరాల్లో పెరుగుతుందని మనుషుల్లోనే చూశారు, పెద్ద వయసువాళ్లలో కూడా. అయితే బాపును రేపటి నుంచే పొద్దున లేపి నడిపించకండి. ముందు ఈసీజీ, తర్వాత నడక.

మీ బామ్మర్దితో తగువు పడొద్దు, ప్రేమతోనే పంపాడు. ఇంతా చదివి కూడా సీసా కొనాలనిపిస్తే రిపోర్టులన్నీ వచ్చాక, బీ12 సరిచేశాక, మూడు నెలలు ఆగి అప్పుడు ఆలోచించండి. అప్పటికీ కొంటే ఆ బ్యాచ్‌కు వేరే ల్యాబ్ ఇచ్చిన రిపోర్టు చూపించమని అడగండి. బాపు షుగర్ డాక్టర్‌కు సీసా చూపించకుండా ఒక్క గోలీ వేయకండి. నా అంచనా అడిగితే, బీ12 లోటే బయటపడితే మూడు నెలల తర్వాత మీకు ఆ సీసా ఊసే గుర్తుండదు. బయటపడకపోతే గుండె, థైరాయిడ్, కిడ్నీల్లో ఎక్కడో దారం దొరుకుతుంది.

దిండీ గురించి కూడా రాయాలి, ఆయన మనసు అక్కడే ఉంటుంది కాబట్టి. ఏకాదశి ఉపవాసం నాడు సాబుదానా కిచిడీ తింటే షుగర్ ఒక్కసారిగా పెరుగుతుంది, ఏమీ తినకుండా గోలీలు వేస్తే కొన్ని రకాలతో పడిపోతుంది. ఆ రోజు ఏ గోలీ ఎంత అనేది డాక్టర్‌ను ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. వచ్చే ఆషాఢానికి ఆయన నడవగలిగితే నేనూ సంతోషిస్తాను. కానీ తిమ్మిరి ఉన్న కాళ్లకు ముల్లు గుచ్చుకున్నా తెలియదు, బొబ్బ పగిలినా తెలియదు. చెప్పులు లేకుండా నడుస్తానని మొక్కు ఉంటే దాన్ని విఠోబాకు వేరే రూపంలో చెల్లించమనండి. పాదం నిండా కప్పే మెత్తని బూట్లు, కాటన్ మేజోళ్లు కొనండి. దారిలో ప్రతి రాత్రి మజిలీలో ఎవరో ఒకరు టార్చి వేసి ఆయన రెండు అరికాళ్లూ, వేళ్ల సందులూ చూడాలి. ఆయనకు ఆయన వంగి చూసుకోలేడు. మీరు తోడు వెళ్తే ఆ పని మీదే.